అద్దం లేని చోట పెట్టిన ఇంటూ

హైటెక్ సిటీలో మొదటి అద్దం బిగించింది నేనే.

ఈ మాట మియాపూర్‌లో మా అపార్టుమెంటు కింద సిమెంటు బెంచీ మీద కూర్చుని చాలాసార్లు చెప్పాను. వినేవాళ్ళలో సగం మంది అప్పటికి పుట్టలేదు, మిగతా సగానికి చెవులు సరిగా వినపడవు. కాబట్టి ఇన్నాళ్ళూ ఇబ్బంది రాలేదు. కాగితం మీద పెట్టేటప్పుడు మాత్రం చెయ్యి కొంచెం వెనకాడుతోంది. మొదటి అద్దం ఎవరు బిగించారో నాకు తెలియదు. నేను వెళ్ళేసరికే ఆ గుండ్రటి పెద్ద మేడ లేచి నిలబడి ఉంది. నేను పనిచేసింది దానికి కిలోమీటరున్నర అవతల, రాళ్ళగుట్టను ఆనుకుని కట్టిన ఐదంతస్తుల భవనంలో. అందులోనూ ముందు వైపు మెరిసే అద్దాలన్నీ బొంబాయి నుంచి వచ్చిన వాళ్ళు బిగించారు. వెనక వైపు కిటికీలు, లోపలి తలుపులు, బాత్రూముల ముందు అడ్డాలు మా వంతు.

తొంభైల చివరి సంగతి ఇది. మాదాపూర్ అంటే అప్పట్లో రాళ్ళు, సీతాఫలం పొదలు, వాటి మధ్య నుంచి దుమ్ము లేపుకుంటూ పోయే కంకర లారీలు. ఇప్పుడు అక్కడ మెడలో కార్డు వేసుకుని తిరిగే పిల్లలు మీరు. మీ ముందు తలుపు దానంతట అదే తెరుచుకుంటుంది. అద్దం ఉందో లేదో చూసుకోవాల్సిన అవసరం మీకు లేదు. మాకు ఉండేది.

మా వర్క్‌షాపు బాలానగర్‌లో. అల్యూమినియం, అద్దం పని. నేను అక్కడ ఫిట్టరుగా చేరి, ఎత్తులెక్కితే కళ్ళు తిరుగుతున్నాయని పదేపదే చెప్పి సూపర్‌వైజర్ అయ్యాను. పనితనం చూసి ఇచ్చారని ఇంట్లో చెప్పాను. నాకు పని నేర్పినాయన మా మేస్త్రీ. నాకంటే పదేళ్ళు పెద్ద. గడ్డం కింద అడ్డంగా ఒక పాత కోత, ఎప్పుడూ భుజం మీద ఒక ఎర్ర తువ్వాలు. ఆయన చేతి కింద నేర్చుకుని ఆయనకే పైవాణ్ణి అయ్యాను కాబట్టి, నలుగురిలో నన్ను ‘సూపర్‌వైజర్ సాబ్’ అని పిలిచేవాడు. ఎవరూ లేనప్పుడు ‘తమ్మీ’ అనేవాడు. మొదటి పిలుపులో ఎంత వెటకారం ఉండేదో నాకు తెలుసు, ఆయనకూ తెలుసు.

ఆయనకు ఒక పట్టింపు ఉండేది. అద్దం చట్రంలో కూర్చోగానే, పక్కన రబ్బరు కూడా దూర్చకముందే, తడిసున్నంలో రెండు వేళ్ళు ముంచి అద్దం నడుమ పెద్ద ఇంటూ గుర్తు గీసేవాడు. అద్దం పని చేసేవాళ్ళందరూ గీస్తారు. కొత్త అద్దం కళ్ళకు ఆనదు, మనిషి నేరుగా వచ్చి గుద్దుకుంటాడు. కానీ మిగతావాళ్ళు తీరికున్నప్పుడు గీస్తారు, గుర్తుంటే గీస్తారు. మా మేస్త్రీ ఇంటూ గీసే దాకా ఆ అద్దం దగ్గర నుంచి కదిలేవాడు కాదు. భవనం అప్పగించే రోజున మళ్ళీ ఆయనే వచ్చి తడిగుడ్డతో తుడిచేవాడు. ఇంకొకరిని తుడవనిచ్చేవాడు కాదు. ఆయన కొత్తలో అబిడ్స్‌లో ఒక చీరల కొట్టుకు అద్దం బిగించి, గుర్తు పెట్టకుండా చాయ్‌కి వెళ్ళాడట. తిరిగొచ్చేసరికి పెళ్ళిచీర కొనడానికి వచ్చిన పిల్ల ముక్కు పగిలి మెట్ల మీద కూర్చుని ఉందట. ఆ కథ ఆయన నవ్వుతూ మొదలుపెట్టి, నవ్వకుండా ముగించేవాడు.

ఆ భవనంలో ఊడ్చి, తుడిచి, చాయ్, నీళ్ళు అందించడానికి ఒక మనిషి ఉండేది. గచ్చిబౌలి నుంచి నడిచి వచ్చేది. ముప్పై అయిదేళ్ళుంటాయేమో. పనిలో చేరిన మొదటి వారంలో, పాలిషు చేసేవాళ్ళు సున్నం తుడిచేసిన ఒక తలుపుకు నుదురు కొట్టుకుంది. పెద్ద దెబ్బేమీ కాదు, బొప్పి కట్టింది. కానీ ఆ మరునాటి నుంచి ప్రతి గుమ్మం దగ్గరా ఆగి, చెయ్యి చాపి, గాలిని తడిమి అడుగు వేసేది. మేము నవ్వేవాళ్ళం. చాయ్ చల్లారిపోతోందని భవనం ఇంజనీరు కేకలేసేవాడు.

మా మేస్త్రీ ఆమెను పిలిచి చెప్పాడు. "చెల్లే, ఇటు చూడు. ఇంటూ ఉన్న కాడ ఆగు. ఇంటూ లేని కాడ సీదా పో. ఈ బిల్డింగుల నా ఇంటూ లేకుంట అద్దం ఉండది."

"ఒట్టేనా మేస్త్రన్నా?"

"ఒట్టే. ఇగ జర దబ్బదబ్బ నడువు, చాయ్ మీద మీగడ కట్టింది."

పాలిషు వాళ్ళను పట్టుకుని ఆయన ఏం తిట్టాడో రాయను. ఆ రోజు నుంచి ఆమె నడక మారిపోయింది. చేతిలో ట్రేతో అంతస్తు ఈ చివర నుంచి ఆ చివరకు ఏటిలో కొట్టుకుపోతున్నట్టు పోయేది.

ఇక మేడమ్ సంగతి. భవనం ప్రారంభానికి కింది హాల్లో ఏదో ఒక కళాఖండం ఉండాలని యజమానులు అనుకున్నారు. నాకు తెలిసిన కళాఖండం అంటే గోడకు తగిలించిన గుర్రాల బొమ్మ. అది చేయడానికి వచ్చినావిడ కాకినాడ వాళ్ళు, బరోడాలో ఆర్టు చదువుకున్నారు. జుట్టు కురచగా కత్తిరించుకుని, మా ఫిట్టర్ల లాగే మురికి ప్యాంటు వేసుకుని తిరిగేవారు. హాల్లో అడ్డంగా, గోడ నుంచి గోడకు, ఐదు వరుసలు కావాలన్నారు. వరుసకు రెండు గుమ్మాలు, పక్కపక్కనే. ఒకదాంట్లో అద్దం, ఇంకోదాంట్లో ఏమీ ఉండదు. కొన్ని వరుసల్లో అద్దం ఎడమన, కొన్నింటిలో కుడిన. చూసేవాళ్ళు ఈ చివర బయల్దేరి ఆ చివర తేలాలి.

చట్రాలు నిలబెట్టాక నేను అడిగాను. "మేడమ్, బొమ్మ ఎక్కడ పెడతారండి?"

"ఇదేనండి బొమ్మ."

"ఇవి గుమ్మాలు కదండీ."

ఆవిడ మా సున్నం డబ్బా మీద కూర్చుని చెప్పారు. "మొన్న నేను వస్తుంటే గేటు ముందు మేకలు కాసే ఒకాయన నిలబడ్డాడండి. గేటు తీసే ఉంది. కాపలా మనిషి కూడా లేడు. అయినా లోపలికి రాలేదు. పోయినేడు దాకా ఆయన ఆ దారినే తిరిగాడట. ఇప్పుడక్కడ ఏమీ లేదు, అయినా ఆగిపోయాడు. నేనేమో కారులో అలా వచ్చేశాను. ఆయనకు కనపడింది నాకెందుకు కనపడలేదు? ఆ భయం ఎలా ఉంటుందో ఈ సూట్లేసుకున్న వాళ్ళ చేత ఒక్కసారి నడిపించి చూపించాలండి."

నాకు సగం అర్థమైంది. పూర్తిగా అర్థమైనట్టు తల ఊపాను. మా మేస్త్రీ చట్రానికి మర బిగిస్తూనే అన్నాడు. "మేకలాయన కుక్కకు భయపడ్డడు మేడమ్. గేటు పక్క గదిల కుక్కను కట్టేసిన్రు."

ఆవిడ పగలబడి నవ్వారు. "నిజమా? అయితే నా కథంతా పోయిందండీ మేస్త్రి గారూ."

"పోలేదు. ఆ కుక్కకు పళ్ళు లెవ్వు. అది ఆయనకు తెల్వది."

ఆవిడ వెంటనే పుస్తకం తీసి అది రాసుకున్నారు. నాకు కొంచెం కడుపుమండింది. నేను చెప్పిన మాట ఒక్కటీ రాసుకోలేదు మరి.

ప్రారంభానికి రెండు రోజుల ముందు ఐదు అద్దాలూ కూర్చున్నాయి. మేస్త్రీ ఐదింటి మీదా ఇంటూలు గీశాడు. మర్నాడు పొద్దున్నే, మేస్త్రీ పై అంతస్తు పనిలో ఉండగా, పరీక్షకని నేను తడిగుడ్డతో మొదటి రెండూ తుడిచాను. పైన కంప్యూటర్లు పెడుతున్న కుర్రాళ్ళను నలుగురిని ఆ రెండు వరుసలూ నడవమన్నాం. అర నిమిషంలో దాటేశారు. అద్దంలో ట్యూబులైటు నీడ కనపడుతోందట, ఖాళీ గుమ్మంలో కనపడటం లేదట. ఒకడు "మేడమ్, ఈజీ" అని కూడా అన్నాడు. ఆవిడ ముఖం వాడిపోయింది. లైట్ల చోటు మార్చి చూశారు. లాభం లేదు. ఈ పని కోసం ఆవిడ ఆరు నెలలుగా యజమానుల చుట్టూ తిరిగారు. నేల మీద కూర్చుని తల పట్టుకున్నారు.

ఇక్కడే నా ప్రతిభ బయటపడింది. ఇది కోతలు కోయడం కాదు, నిజం. నా బతుకులో కోత కాని గొప్ప ఇదొక్కటే కాబట్టి నిదానంగా చెప్పనివ్వండి.

నేను అన్నాను. "మేడమ్, ఇంటూలు అద్దం మీద నుంచి తీసి, అద్దం లేని చోట పెడితే?"

హాస్యానికే అన్నాను. ఆవిడ తలెత్తి నా వైపు అలా చూస్తూ ఉండిపోయారు. నన్ను ఎవరూ అంతకుముందు అలా చూడలేదు, తర్వాతా చూడలేదు.

ఆ మధ్యాహ్నమంతా నేనే కూర్చుని థర్మోకోల్ ముక్కలతో ఐదు ఇంటూలు కోసి, సున్నం పూసి, చేపల గాలానికి వాడే సన్నటి నైలాన్ దారంతో ఖాళీ గుమ్మాల నడుమ వేలాడదీశాను. ఊగకుండా కింద ఒక చిన్న నట్టు కట్టాను. నాలుగడుగుల దూరం నుంచి చూస్తే అద్దం మీద గీసినట్టే ఉంది. దగ్గరికొచ్చి వేలితో తోస్తే పక్కకు జరిగి దారి ఇస్తుంది. తుడిచిన రెండు అద్దాల మీదేమో ఒక్క మరకా లేదు. ఆ రెండు వరుసల్లోనే మళ్ళీ కుర్రాళ్ళను నడిపించాం. ఈసారి ఒక్కడూ ఈజీ అనలేదు.

మేస్త్రీ పై అంతస్తు పని ముగించుకుని దిగి వచ్చాడు. ఒక ఇంటూను వేలితో తోశాడు. అది ఊగింది. తువ్వాలు తీసి ముఖం తుడుచుకున్నాడు.

"ఏంది తమ్మీ ఇది?"

"ఆర్ట్ అన్నా."

"ఆర్ట్ నీకు, మేడమ్‌కు. ఇది నా ఇంటూ. ముప్పై ఏండ్ల సంది ఇది ఒక్కటే మాట చెప్తున్నది. నువ్వు దానితోని అబద్ధం చెప్పిస్తున్నవ్."

"ఒక్క రోజే కదన్నా. మేడమ్ దగ్గరుండి అందరికీ చెయ్యి చాపి నడవమని చెప్తారు. ఎవరికీ దెబ్బ తగలదు."

"ఇంటూ అంటే ఏందో తెల్వనోళ్ళకు తగలది. తెల్సినోళ్ళు పోతే?"

"ఎవరు పోతరన్నా ఇక్కడ? అందరూ పెద్ద పెద్ద సార్లు."

ఆయన ఊగుతున్న ఇంటూను వేళ్ళతో ఆపాడు. తర్వాత మిగిలిన మూడు అద్దాల మీద సున్నం చూపించి, "నేనైతే తుడవ. నీకు కావాల్నంటే నువ్వే తుడుచుకో. మనోళ్ళందరికీ చెప్పు, ఒక్కరిని ఇడిసిపెట్టకు," అన్నాడు.

"చెప్తా అన్నా."

తుడిచాను. ఫిట్టర్లకు చెప్పాను. పెయింటర్లకు చెప్పాను. అందరికీ చెప్పినట్టే అనిపించింది.

ప్రారంభం నాడు మేడమ్ ఒక పని చేశారు. హాలు గోడకు అతికించిన చిన్న అచ్చు కార్డులో, తన పేరు కింద, గుర్తుల ఆలోచన ఫలానా వారిదని నా పేరు వేయించారు. ఇంగ్లీషులో. మా ఇంటిపేరులో ఒక అక్షరం తప్పు పడింది కానీ అది నేనే. ఆ కార్డు ముందు నేను పొద్దున్నుంచి ఎన్నిసార్లు నిలబడ్డానో లెక్కలేదు. చదవడం రాని వాళ్ళకు చదివి వినిపించాను.

అతిథులు వచ్చారు. మేడమ్ మొదటి వరుస దగ్గర నిలబడి ఒక్కొక్కరికీ చెప్పి పంపుతున్నారు. పెద్ద పెద్ద ఉద్యోగాల వాళ్ళు, టైలు కట్టుకున్న వాళ్ళు, కళ్ళగంతల ఆటలో లాగా చేతులు చాపి అంగుళం అంగుళం జరుగుతున్నారు. ఖాళీ గుమ్మం ముందు నిలబడిపోయి వెనక్కి తగ్గుతున్నారు. ఒక పెద్దమనిషి ఇంటూను తాకగానే అది జరిగిపోయేసరికి పసిపిల్లాడిలా కేక పెట్టాడు. ఆయన ఆ తర్వాత నాతో కరచాలనం చేశాడని కొన్నేళ్ళు చెప్పుకున్నాను. ఆయన చెయ్యి చాపింది నా వెనక ఉన్న మనిషి వైపు. నేను మధ్యలో అందుకున్నాను.

వంటగది హాలుకు ఈ వైపు. అతిథుల భోజనాల బల్లలు ఆ వైపు. మామూలుగా అటు వెళ్ళడానికి వెనక సన్నటి వసారా ఉంది. ఆ రోజు అతిథుల్లో ఎవరి కోసమో భద్రతా సిబ్బంది ఆ వసారా మూసేశారు. మేడమ్ ఒక గుంపును అటు చివర దాకా తీసుకెళ్ళి మాట్లాడుతున్నారు, మొదటి వరుస దగ్గర ఎవరూ లేరు. ఇంజనీరు గచ్చిబౌలి ఆమెతో, "హాలు లోంచి తీసుకెళ్ళమ్మా, త్వరగా! వాళ్ళు నీళ్ళ కోసం చూస్తున్నారు," అన్నాడు. ఆయన బెజవాడ వైపు మనిషి, కంగారు ఎక్కువ. ఆయనకు ఇంటూ అంటే ఏమిటో తెలియదు.

ఆ సమయానికి నేను బయట జనరేటరు దగ్గర ఉన్నాను.

ఈ ముక్క ఇరవై అయిదేళ్ళుగా చెబుతున్నాను, మా ఆవిడతో సహా అందరికీ. నేను జనరేటరు దగ్గర లేను. హాల్లోనే, మొదటి వరుసకు పది అడుగుల దూరంలో, కార్డు పక్కన ఉన్నాను. ఒక అతిథికి ఆ ఆలోచన నాకు ఎలా వచ్చిందో వివరిస్తున్నాను. ట్రే నిండా నీళ్ళ గ్లాసులతో ఆమె రావడం చూశాను. ఆమెకు చెప్పలేదన్న సంగతి అప్పుడే తట్టింది. కేక వేయవచ్చు. నోట్లో ఉన్న వాక్యం పూర్తి చేసి ఆమెను ఆపుదామనుకున్నాను.

మొదటి వరుసలో ఎడమ గుమ్మంలో ఇంటూ ఉంది. కుడి గుమ్మంలో లేదు. ఆమె ఇంటూను చూసింది, కుడికి తిరిగింది, అడుగు కూడా తగ్గించకుండా నడిచింది.

ఆ రోజుల్లో మేము వాడింది మామూలు అద్దం. ఇప్పటి అద్దాల్లా పొడి పొడిగా రాలదు. కత్తుల్లా విరుగుతుంది.

మేస్త్రీ ఎక్కడి నుంచి వచ్చాడో తెలియదు, నా కంటే ముందు ఆమె దగ్గర ఉన్నాడు. తువ్వాలు ఆమె కనుబొమ మీద అదిమి పట్టి, ముక్కల మధ్య మోకాళ్ళ మీద కూర్చున్నాడు. ఆమె ఏడవలేదు.

"కన్ను ఉందా అన్నా?"

"ఉంది చెల్లే. ఉంది. ఇటు చూడు, నన్ను చూడు."

"ఇంటూ లేదు గదన్నా."

"లేదు. లేదు చెల్లే. నీ తప్పేం లేదు."

మేడమ్ పరుగున వచ్చి, చెప్పులు కూడా లేకుండా, ఆమెను తన కారులో ఎక్కించుకుని దవాఖానకు తీసుకెళ్ళారు. కాబట్టి తర్వాత జరిగింది చూడ్డానికి మేడమ్ అక్కడ లేరు.

అతిథులను బయటికి పంపించి ఇంజనీరు వెనక్కి వచ్చే లోపు నాకు రెండు నిమిషాలు దొరికాయి. ఆ రెండు నిమిషాల్లో నేను గోడ మీది కార్డు గోటితో లేపి, నలిపి, జేబులో పెట్టుకున్నాను. అచ్చులో నా పేరు పడటం అదే మొదలు, అదే ఆఖరు. దాన్ని ఆ సాయంత్రం బాలానగర్ బస్సు కిటికీలోంచి పారేశాను.

ఇంజనీరు ముఖం ఎర్రగా కందిపోయి ఉంది. "ఏవండీ, అద్దం లేని చోట ఈ గుర్తులు పెట్టిందెవరండి? అద్దం ఉన్న చోట తుడిచిందెవరు?"

మేస్త్రీ అద్దం పెంకులు ఏరుతున్నాడు. నా వైపు చూడలేదు. నేను చెబుతానని ఆయన అనుకున్నాడని నా నమ్మకం. కాకపోతే తలెత్తేవాడు.

"ఇంటూలు పెట్టేది మా మేస్త్రీయేనండి," అన్నాను. "ఆయన తప్ప వేరేవాళ్ళు ముట్టుకోరు."

వాక్యంగా చూస్తే అందులో తప్పు లేదు. భవనంలో ఎవరిని అడిగినా అదే చెప్పేవారు.

మేస్త్రీ చేతిలోని పెంకులు బకెట్లో వేసి లేచాడు. నన్ను ఒకసారి చూసి, ఇంజనీరుతో అన్నాడు. "ఔ సార్. ఈ బిల్డింగుల అద్దానికి ఇంటూ గీసేటోన్ని నేనే."

"రేపటి నుంచి మీరు ఈ సైటులో కనపడకూడదండి."

"మంచిది సార్."

ఆయన సున్నం డబ్బా, కొలత పట్టీ తీసుకుని వెళ్ళిపోయాడు. తువ్వాలు లేదు. అది ఆమెతో పాటు దవాఖానకు పోయింది. పెద్ద కంపెనీకి కోపం వచ్చిందని మా వర్క్‌షాపు ఓనరు కూడా వారం తిరక్కుండా ఆయన్ను మాన్పించాడు.

ఆమె కన్ను దక్కింది. కనుబొమ మీద ఏడు కుట్లు, అరచేతిలో నాలుగు. గోరు మందం కిందికి దిగితే చూపు పోయేదన్నాడు డాక్టరు. మేడమ్ రోజూ దవాఖానకు వెళ్ళారు. చట్రాలన్నీ విప్పించేశారు. ఢిల్లీ వెళ్ళేముందు నాకు ఒక ఫోన్ నంబరు రాసిచ్చారు. "ఎవరు ఏమడిగినా నాతో మాట్లాడించండి. ఇందులో తప్పు నాదీ ఉందండి. మేస్త్రి గారు ఎక్కడ, కనపడటం లేదు?"

"వేరే సైటుకు వెళ్ళారండి," అన్నాను.

పది రోజుల తర్వాత ఆయన్ను వెతుక్కుంటూ బాలానగర్ వెనక సందుల్లోకి వెళ్ళాను. మంగలి షాపులకు అద్దాలు కోసిచ్చే చిన్న కొట్టులో, చెక్క బల్ల ముందు నిలబడి పనిచేస్తున్నాడు. నన్ను చూసి ఆశ్చర్యపోలేదు.

"రా తమ్మీ. చాయ్ తాగుతవా?"

"అన్నా, మళ్ళీ పనిలోకి రా. నేను ఓనరుతో మాట్లాడుతా."

"ఏమని?"

"ఏదో ఒకటి చెప్తా. నేను చెప్తే వింటడు."

"ఇంజనీరుకు చెప్పినవా?"

నేను బల్ల మీది అద్దం ముక్కలు లెక్కపెట్టాను. ఆయన వజ్రపు మొనతో అద్దం మీద గీత గీసి, ఠక్కున విరిచాడు. ముక్క అంచును బొటనవేలితో తడిమి చూసుకున్నాడు.

"నా పని పోయిందని నాకు ఫికర్ లేదు. చేతులున్నయి, యాడనన్న అద్దం కోస్తా. కని గా బిల్డింగుల నా ఇంటూ మీద మాట పడ్డది. అది నువ్వు తీసేస్తెనే నేనొస్త. లేకుంటే ఎట్లొస్తనే?"

"చెప్తా అన్నా. రేపే చెప్తా."

"చెప్పు మరి." చాయ్ తెప్పించాడు. తాగాను. బాగుందని కూడా అన్నాను.

చెప్పలేదు. మర్నాడు ఇంజనీరు సెలవు. ఆ మర్నాడు నాకు జ్వరం. జ్వరం నిజమే, తొంభై తొమ్మిది.

మూడు వారాలకు గచ్చిబౌలి ఆమె తిరిగి పనిలోకి వచ్చింది. హాలు ఖాళీగా ఉంది. చట్రాలు లేవు, ఇంటూలు లేవు, నేల మీద మరలు దిగిన గుంతలు కూడా పూడ్చేశారు. ఆమె ట్రేలో చాయ్ కప్పులు పెట్టుకుని, మొదటి వరుస ఉండిన చోటికి వచ్చి ఆగింది. ట్రేను ఒక చేతి మీదికి మార్చుకుని, కుట్ల మచ్చలున్న చెయ్యి ముందుకు చాపింది.

"సార్, అద్దం ఉందా ఇక్కడ?"

"లేదమ్మా. అన్నీ తీసేసిన్రు."

ఆమె కదల్లేదు. "మేస్త్రన్నను జర పిలుస్తరా సార్? ఆయన చెప్తే పోత."

"మేస్త్రీ ఇక్కడ లేడమ్మా."

"ఎటు పోయిండు?"

నేను, చూడు అన్నట్టు, ఆ చోటు గుండా హాలు ఆ చివర దాకా నడిచాను. చేతులు ఊపుకుంటూ, కొంచెం వేడుకగానే నడిచాను. అవతలికి చేరి వెనక్కి తిరిగి చూస్తే ఆమె నా వెనక లేదు. గోడకు భుజం ఆనించి, హాలు అంచు వెంట చుట్టూ తిరిగి పోతోంది.

అప్పుడు మెట్లెక్కి ఇంజనీరు గదికి వెళ్ళాను. దీన్ని ధైర్యమని రాద్దామనుకుని ఇందాక రెండుసార్లు కొట్టేశాను. కాళ్ళు తీసుకెళ్ళాయి, అంతే.

"సార్, ఆ రోజు ఇంటూలు పెట్టింది మేస్త్రీ కాదండి. ఆలోచన నాది. అద్దాల మీద తుడిచింది కూడా నేనే."

ఆయన ఫైలులోంచి తలెత్తి నన్ను చూశాడు. చూస్తూ చూస్తూ నవ్వు మొదలుపెట్టాడు.

"ఊరుకోండి. ఈ భవనంలో లిఫ్టు కూడా మీరే బిగించినట్టు మొన్న మా క్లర్కుతో చెప్పారట. ఇప్పుడు ఆ ఆర్టు కూడా మీదేనా?"

"నిజం సార్. గోడ మీద కార్డు కూడా ఉండేది, నా పేరుతో."

"ఏదండి కార్డు? ఆ రోజు హడావుడిలో నేనేం చూడలేదు."

జేబు తడుముకున్నాను. ఎందుకు తడుముకున్నానో తెలియదు.

"మీ గురువు మీద అభిమానం ఉండటం మంచిదేనండి," అన్నాడు ఆయన, ఈసారి మెత్తగా. "కానీ ఆయన కోసం మీరు నిందలు నెత్తినేసుకోవద్దు. మీ మంచితనం నాకు అర్థమైంది. వెళ్ళి పని చూసుకోండి."

మేడమ్ నంబరు నా చొక్కా జేబులోనే ఉంది. ఆయన బల్ల మీద ఫోను ఉంది. మేడమ్ ఒక్క మాట చెబితే చాలు, మేస్త్రీ మీది మాట పోతుంది. నేను నమస్కారం పెట్టి బయటికి వచ్చాను. ఆయన నమ్మనందుకు నాకు బాధ వేసిందని చెప్పడానికి ఎంతో బాగుంటుంది. బాధ వేయలేదు. మెట్లు దిగుతూ ఈల వేశాను.

కింద ఆమె ఖాళీ కప్పులతో గోడ వెంటే తిరిగి వస్తోంది. నన్ను చూసి ఆగింది.

"మేస్త్రన్నకు కబురు చెప్పిన్రా సార్?"

"చెప్పిన," అన్నాను.